ఇస్సాకు తడిమిన చేతులు

చూపు మందగించిన ఇస్సాకు, తన ఎదుట నిలిచిన కుమారుడెవరో తేల్చుకోవడానికి చేతులు తడిమి చూశాడు. గొంతు విని అనుమానపడినా, మేకపిల్లల చర్మం కప్పుకున్న చేతులనే నమ్మి యాకోబును దీవించాడు (ఆదికాండము 27వ అధ్యాయం). చేతులను బట్టి మనిషిని గుర్తుపట్టడం ఎంత పాతదో, ఆ గుర్తింపును వంచించడమూ అంతే పాతది.

పాస్‌వర్డ్‌ల కాలం మెల్లగా ముగుస్తోంది. 2025 అక్టోబరు నుంచి యూపీఐ చెల్లింపుల్లో పిన్‌కు బదులు వేలిముద్ర, ముఖ గుర్తింపు వాడే వీలు కలిగింది. పల్నాటి రేషను దుకాణాల్లోనైతే వేలిముద్ర ఎప్పుడో అలవాటైంది. అయితే వేలిముద్ర రహస్యం కాదు. 2018లో తెలంగాణలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, వేలాది సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోగలమా?

అందుకే ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 2022లో 'పాస్‌కీ' విధానానికి మద్దతు ప్రకటించాయి. ఇందులో వేలిముద్ర ఫోను తాళం తీయడానికే. సంస్థకు తానెవరో రుజువు చేసేది ఫోను దాచుకున్న రహస్య తాళంచెవి. నకిలీ వెబ్‌సైటుకు అది చిక్కదు, ఫోనులో అడిగేవారికి చెప్పడానికి ఓటీపీ కూడా ఉండదు. మోసాలను అడ్డుకోవడంలో ఇది మంచి ముందడుగే.

అయితే ఇస్సాకు పొరపాటుకు మరో వైపు కూడా ఉంది. కానివాణ్ని ఔనన్నట్టే, యంత్రం అయినవాణ్ని కాదనగలదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో, మాచర్ల, గురజాల మిర్చి చేలల్లో పనిచేసి అరిగిన వేళ్లను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. నెలకు 4,000 రూపాయల పింఛనే ఆధారమైన అవ్వకు అది చిన్న మాట కాదు. కనుపాప, ముఖ గుర్తింపు వంటి మార్గాలున్నాయని చెప్పి, వెంట నిలిచేవారు ఆమెకు కావాలి.

ఆ పని సంఘానిది. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకోవడం, అవసరమైనప్పుడు తీసుకోవడం యౌవనస్థులు పెద్దలకు నేర్పాలి. సహాయం పేరుతో వారి పిన్, ఓటీపీ అడిగి తెలుసుకోకూడదు. నమ్మకమే పెట్టుబడిగా మోసం చేయడం యాకోబు చేసిన పనే.

తిరిగి లేచిన ప్రభువు తోమాకు తన గుర్తుగా చూపినది గాయపడిన చేతులనే (యోహాను 20:27). కష్టంతో అరిగిన చేతులు ఎవరివో ఆయనకు తెలుసు. ఆయన సంఘానికీ తెలియాలి.