ఐదో అమ్మాయి

2021 ఆగస్టు 7 పొద్దున టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ ఒక్క స్ట్రోక్ తేడాతో పతకం పోగొట్టుకుంది. పులికాట్ ఒడ్డున మా ఇంట్లో గోల్ఫ్ ఎవరికీ తెలీదు, అయినా అందరం టీవీకి అతుక్కుపోయాం. "డబ్బున్నోళ్ల ఆటలే" అన్నాడు మా నాయన. నిజమే.

కానీ అమెరికాలో సెయింట్ మేరీస్ అనే చిన్న కాథలిక్ మహిళా కాలేజీకి గోల్ఫ్ జట్టుంది. వాళ్లాడే డివిజన్ 3లో ఆట చూసి స్కాలర్‌షిప్ ఇవ్వరు. కాలేజీ గోల్ఫ్‌లో మామూలుగా ఐదుగురు ఆడితే మంచి స్కోర్లు నాలుగే లెక్క. ఆ రోజు ఒకమ్మాయి చెత్తగా ఆడినా జట్టు మునిగిపోదు.

మన దగ్గర? మెడల్ గ్యారంటీ ఉంటేనే అమ్మాయిలకు గ్రౌండ్! గోల్ఫ్ కోర్సు అడగట్లేదబ్బా. త్రోబాలైనా సరే, సరిగ్గా ఆడలేని నాలాంటిదానికీ చోటుండే జట్టొకటి కావాలి. హాస్టల్ గేటు ఇంకో గంట ఆలస్యంగా మూస్తే చాలు.