పువ్వుకు పట్టం, మొక్కకు గడ్డిమందు

బతుకమ్మ పండుగ దగ్గర పడితే పట్నం మార్కెట్లలో తంగేడు పూల కట్టలు దిగుతాయి. మనం కొంటాం. బేరమాడి మరీ కొంటాం. ఒకప్పుడు ఈ పువ్వును పైసలిచ్చి కొనుక్కోవాలని ఎవరైనా అంటే మన అమ్మలు నవ్వి ఉండేవాళ్లు. ఊరు దాటితే చాలు, చెల్కల ఒడ్డున, బండ్ల బాట పక్కన, గుట్ట కింద ఎక్కడ చూసినా తంగేడే. తెంపుకున్నవాళ్లకు తెంపుకున్నంత. ఇవాళ అదే పువ్వు అంగట్లో సరుకైంది. ఎందుకైంది? పూసే మొక్క పోతున్నది కనుక.

2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఎవరూ నీళ్లు పోయని, ఎవరూ ఎరువు వేయని మొక్కకు ఆ గౌరవం దక్కినందుకు మనమంతా సంతోషించాం. కానీ పువ్వుకు పట్టం కట్టిన మనమే మొక్కను ఒడ్డు మీద బతకనివ్వడం లేదు. ఈ దారి ఎక్కడికి పోతుందో తెలియాలంటే కృష్ణ దాటి గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లోకి, మిరప తోటల్లోకి వెళ్లి చూడాలి. 2022లో ఆ జిల్లాలను విడగొట్టి పల్నాడు, బాపట్ల జిల్లాలు చేశారు. మేం చెప్పేది పాత జిల్లాల గురించి.

గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు పోయే రహదారికి అటూ ఇటూ నల్లరేగడి. ఆ నేలలో తంగేడు చేను మధ్యలో ఎప్పుడూ లేదు. గట్ల మీద, డొంకల వెంట, చెరువు కట్టల మీద ఉండేది. పడమటికి పోయి వినుకొండ, దర్శి, పొదిలి దిక్కున రాతినేలలు తగిలితే ఇప్పటికీ గుబురుగా కనబడుతుంది. రేగడిలో మాత్రం వెతుక్కోవాలి. గట్టు సన్నబడింది. డొంక చేలో కలిసింది. మిగిలిన జానెడు గట్టు మీద గడ్డిమందు పడుతున్నది.

దీనికి రైతును తిట్టి లాభం లేదు. అక్కడ సాగు చేసేవాళ్లలో కౌలుదారులు ఎక్కువ. ఎకరాల లెక్కన కౌలు కట్టేవాడికి గట్టు మీది తంగేడు అడ్డంగానే కనబడుతుంది. మిరపకు పెట్టుబడి పెట్టినవాడు గజం నేల వదులుకోలేడు. కూలీలు దొరకని కాలంలో గడ్డిమందు చవకగా తేలింది. కలుపు మందును తట్టుకునే అక్రమ పత్తి విత్తనాలు చాటుమాటుగా వచ్చాక గ్లైఫోసేట్ వాడకం మరింత పెరిగింది. 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం కూడా, తెగుళ్ల నివారణ పనికి లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఇతరులు దాన్ని వాడరాదన్నది. కాగితం మీద మాట కాగితం మీదే ఉంటే మొక్క బతకదు.

కృష్ణ అవతలి సంగతి మనకెందుకు అనేవాళ్లకు ఒక పాత లెక్క గుర్తు చేస్తాం. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ఊడ్చేసింది. మందుల అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. సరిగ్గా పదేళ్లకు, 1997-98లో వరంగల్ పత్తి రైతు ఇంట్లో అదే చావు. తంగేడు పోయినందుకే తెల్లదోమ వచ్చిందని మేం అనడం లేదు. ఒకే పంట, ఒకే మందు, ఒకే అప్పు అనే పద్ధతి అక్కడ ముందు దిగింది, ఇక్కడికి వెనుక వచ్చింది. ఆ పద్ధతి మొదట తినేది గట్టునే. ఇవాళ అక్కడి రేగడి గట్టు ఎట్లా ఉందో, రేపు మన చెల్క ఒడ్డు అట్లాగే ఉంటుంది.

ఇంతకూ ఈ మొక్క చేసిన మేలేమిటి? మన తాతలు తంగేడు ఆకును, కానుగ ఆకును వరిమడిలో వేసి తొక్కేవాళ్లు. కరెంటు మోటార్లు లేని రోజుల్లో బావి నీళ్లు తోడింది తోలు మోట. ఆ తోలును పదును పెట్టింది లందలో నానబెట్టిన తంగేడు చెక్క. ఊరి మాదిగల చేతిలో ఉన్న విద్య అది. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క, ఆ తర్వాత క్రోమియం రసాయనాలు వచ్చేదాకా దక్షిణాది తోలు పరిశ్రమకు తంగేడే ఆధారం. తాను నీళ్లడగని మొక్క ఊరి పొలాలకు నీళ్లు తోడిపెట్టింది. ఆ విద్యకూ, ఆ విద్య తెలిసిన మనుషులకూ మనం ఏ పట్టం కట్టామో ఎవరి మనసుకు వారు చెప్పుకోవాలి.

చేనుకూ దీనితో పని ఉంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. ఆ పుప్పొడి చిన్న చిన్న రంధ్రాల్లో దాగి ఉంటుంది. తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో గట్టిగా అదిలిస్తేనే రాలుతుంది. వానలు వెనకబడినప్పుడూ పూసే ఇలాంటి మొక్క గట్టు మీద ఉంటే తుమ్మెదలకూ తేనెటీగలకూ మేత దొరుకుతుంది. అయితే లేని గొప్పలు చెప్పొద్దు. చిక్కుడు జాతిదే అయినా దీని వేళ్లకు జనుము లాగా నత్రజని బుడిపెలు ఉండవు. 2021-22లో గుంటూరు, ప్రకాశం మిరపను ముంచిన నల్ల తామర పురుగును ఇది ఆపుతుందని కూడా మేం చెప్పం. గట్టును గట్టిగా పట్టుకుంటుంది, ఆకు ఇస్తుంది, పువ్వు ఇస్తుంది. ప్రతిగా ఏమీ అడగదు. అది చాలదా?

ఒక చోద్యం చూడండి. రహదారి డివైడర్ మీద గన్నేరు, కాగితం పూలు పెంచి ఎండాకాలంలో ట్యాంకర్లతో తడుపుతారు. గన్నేరు కూడా కరువును తట్టుకునేదే, కాదనం. కానీ ఆకు నుంచి వేరు దాకా విషం. ఆ తర్వాత తొందరగా పచ్చబడాలని ఊరూరా కోనోకార్పస్ తెచ్చి నాటారు. తీరా దాని పుప్పొడి వల్ల జబ్బులంటూ, వేర్లు పైపుల్లో దూరుతున్నాయంటూ దాన్ని వద్దనే రోజు వచ్చింది. ఈ నేలలో పుట్టి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండి, పశువులు పెద్దగా ముట్టని తంగేడు మాత్రం ఏ అధికారి కంటా పడలేదు.

నాటాలనుకునేవాళ్లు కష్టపడాల్సింది మొదటి ఏడాదే. ఎండిన కాయలు ఏరి గింజ తీయండి. గింజ పైపొర గట్టిది, ఊరికే విత్తితే మొలక ఆలస్యమవుతుంది. మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి, లేదంటే ఇసుకతో రుద్దండి. ఎర్రమట్టి, ఇసుక, కాస్త పశువుల ఎరువు కలిపిన సంచిలో రెండేసి గింజలు పెట్టండి. తల్లివేరు తొందరగా లోతుకు పోతుంది, కనుక మొక్క జానెడు కాగానే తొలకరి పదునులో నాటేయాలి. అడవిలో పెరిగిన మొక్కను పీకి తెస్తే బతకడం కష్టం. మొక్కకూ మొక్కకూ ఐదారు అడుగుల ఎడం ఉండాలి. రేగడిలో అయితే గట్టు మీదే నాటాలి, పల్లంలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మొదటి ఎండాకాలం పది పదిహేను రోజులకు ఒక బిందె నీళ్లు. ఆ తర్వాత ఆ బిందె కూడా అక్కర్లేదు. పూత అయిపోయాక కొమ్మలను మూడో వంతు కత్తిరిస్తే కొత్త చిగుళ్ల కొసన మళ్లీ పూస్తుంది. ఆకు తినే పచ్చ గొంగళి పురుగు కనబడితే మందు కొట్టకండి. రేపు సీతాకోకచిలుక అయ్యేది అదే.

మా మాట సూటిగా చెబుతాం. ప్రభుత్వ నర్సరీలలో రాష్ట్ర పుష్పం మొక్కలు ఎన్ని పెంచుతున్నారో అధికారులు ఏటా లెక్క చెప్పాలి. గడ్డిమందు మీద పెట్టిన ఆంక్షలు దుకాణం దగ్గర అమలు కావాలి. గట్టు వదిలిన కౌలు రైతుకు ఆ మేరకు కౌలు తగ్గాలి, లేదా సర్కారే ఏదో రూపంలో ఆదుకోవాలి. ఊరి ఉమ్మడి బాటలను, డొంకలను కొలిచి హద్దురాళ్లు పాతాలి. విద్యార్థులు తమ హాస్టల్ ప్రహరీ పక్కన, ఉద్యోగులు తమ ఆఫీసు ఆవరణలో పది గింజలు పెట్టడానికి ఏ జీవో అవసరం లేదు. బతుకమ్మకు పూలు తెంపేటప్పుడు కొమ్మ విరవకుండా, గింజకు కొన్ని కాయలు వదిలితే అదీ పనే.

ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను తన రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. అది వాళ్ల ఇష్టం. అయినా పల్నాడు రాతినేలలో తంగేడు పూస్తూనే ఉంది, దానికి హద్దులు తెలియవు. మనం మాత్రం ఇది మన పువ్వు అని చాటుకున్నాం. చాటుకున్నవాళ్లకు బాధ్యత ఎక్కువ. వచ్చే బతుకమ్మకు కట్ట కొనే ముందు ఒక్కసారి మన ఊరి ఒడ్డు దాకా పోయి వద్దాం. అక్కడ తంగేడు ఉంటే కాపాడుకుందాం. లేకపోతే ఈ తొలకరికే గింజ నానబెడదాం.