చలివేంద్రం సరే, కాటా సంగతేమిటి?

వేసవి రాగానే మన మండల కేంద్రాల్లో చలివేంద్రాలు వెలుస్తాయి. రైసు మిల్లు పేరుతో ఒకటి, జిన్నింగ్ మిల్లు పేరుతో ఒకటి, ఎరువుల కొట్టు పేరుతో మరొకటి. బడికి బెంచీలు, గుడికి ప్రహరీ, పండుగకు అన్నదానం. వీటిని మనం తక్కువ చేయనక్కర్లేదు. ఎండన పడి వచ్చిన రైతు ఆ కుండ నీళ్లే తాగుతున్నాడు. అయితే అదే యజమాని మిల్లులో ధాన్యం దించిన రైతు ఎంత తరుగు పోగొట్టుకుని ఇంటికి వెళ్తున్నాడన్నది కూడా అడగాలి.

వ్యాపారుల సామాజిక బాధ్యతకు ఒక చట్టం ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు, లేదా టర్నోవరు రూ.1,000 కోట్లు, లేదా నికర లాభం రూ.5 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. మన ఊళ్ల మిల్లులు, కొట్లు చాలావరకు ఈ లెక్కలోకి రావు. కదిపితే, 'అవన్నీ పెద్ద కంపెనీల సంగతులు' అంటారు కొందరు. 'మా చేతనైంది చేస్తూనే ఉన్నాం కదా' అంటారు ఇంకొందరు.

రెండో మాటలో నిజం లేకపోలేదు. చిన్న వ్యాపారి మన మధ్యే బతుకుతున్నాడు, అవసరానికి ఆదుకుంటున్నాడు. కానీ దానం లాభం వచ్చాక చేసేది. ఆ లాభం ఎలా వచ్చిందో చెప్పగలగడం బాధ్యత. ఈ ప్రశ్న ఆ 135వ సెక్షను కూడా అడగదు, ఖర్చు లెక్క మాత్రమే అడుగుతుంది.

ధాన్యంలో 17 శాతం వరకు తేమను నిబంధనలే ఒప్పుకుంటాయి. ఆ లోపే ఉన్నా తాలు పేరుతో, మట్టి పేరుతో బస్తాకు ఇన్ని కిలోలని కోస్తున్నారు. లాట్ నంబరు వేసిన బిల్లు లేకుండా విత్తనం అమ్మితే, అది మొలవనప్పుడు రైతు చేతిలో ఆధారమేదీ ఉండదు. మిల్లు బూడిద పక్క చేలో పడితే ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి?

చిన్న పరిశ్రమలకు 2006లో వచ్చిన చట్టం ఒక రక్షణ ఇచ్చింది. వారి సరుకు కొన్నవారు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. జాప్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ. పెద్దవాడు చిన్నవాడి సొమ్ము తొక్కిపట్టకూడదన్నది మంచి న్యాయమే. రైతు దగ్గర కొన్నప్పుడు అదే న్యాయం ఎందుకు గుర్తుకు రాదు?

ప్రభుత్వం నుంచి మిల్లింగ్ చార్జీలు సకాలంలో రావడం లేదని మిల్లర్లు అంటున్నారు. ఆ పోరాటంలో మనమూ నిలబడదాం. ఆ లోటును రైతు బస్తాలోంచి పూడ్చుకుంటామంటే మాత్రం ఒప్పుకోలేం.

గత సీజనులో మన సభ్యులు ధాన్యం తోలిన ఒక మిల్లులో కాటా అంకెలు రైతుకు కనిపించేలా పెట్టారు. చీటీ మీద తేమ శాతం, తూకం రాసిచ్చారు. ఆ యజమాని చలివేంద్రం పెట్టలేదు. ట్రాక్టర్ల వరస మాత్రం ఆ మిల్లు ముందే పొడుగ్గా ఉంది.

ఇందులో మన తప్పూ ఉంది. జాతరకని, మహాసభకని చందా పుస్తకం పట్టుకుని మనమూ ఆ గడపలే తొక్కాం. చందా పుచ్చుకున్న నోటితో తరుగు గురించి గట్టిగా అడగలేకపోయాం. అందుకే ఈసారి కోతలకు ముందే ప్రతి గ్రామ కమిటీ చందా పుస్తకం లేకుండా మిల్లులకు, కొట్లకు వెళ్లాలి. కనిపించే కాటా, రాసిచ్చే చీటీ, అడగకుండానే బిల్లు, చెప్పిన తేదీకి డబ్బు. ఈ నాలుగూ అడుగుదాం. ఒప్పుకున్నవారి పేర్లు, ఒప్పుకోనివారి పేర్లు రచ్చబండ దగ్గర చదివి వినిపిద్దాం. రైతు సరుకు ఎటు తోలాలో ఆ తర్వాత రైతే తేల్చుకుంటాడు.