కుందేలుకు కాసేపు సెలవు

పిల్లల పరీక్షలు అయిపోయాయి. సంతకు వెళ్ళిన నాన్న బుట్టలో తెల్లటి కుందేలు పిల్లను పట్టుకొచ్చాడు. ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం ధ్యాస ఉండదు. "బయటికి తియ్యమ్మా, కాసేపు ఆడుకుంటాం" అని మీ కొంగు పట్టుకుని తిరుగుతారు. అక్కడే మీరు కాస్త గట్టిగా ఉండాలి.

ఎందుకంటారా? బెల్లంపల్లిలో మా క్వార్టరుకు వచ్చిన మొదటి కుందేలు నాలుగు రోజులే బతికింది. తెచ్చిన రోజే వదిలేశాం. వాడలోని పిల్లలంతా వెంటబడ్డారు. అది బెదిరి మంచం కిందికి దూరితే, మావాడు వెనక కాళ్ళు పట్టి లాగి పైకెత్తాడు. గింజుకుని ఒక్క తన్ను తన్నింది. అంతే, నడుము పడిపోయింది. కుందేలు వెనక కాళ్ళకు ఉన్న బలాన్ని దాని సన్నటి వెన్ను తట్టుకోలేదట. గాల్లో వేలాడుతూ తన్నుకుంటే తన వెన్ను తనే విరుచుకుంటుందని పశువుల డాక్టరుగారు చెబితే గానీ మాకు తెలియలేదు. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తప్పు వాడిది కాదు, ముందుగా చెప్పని మాది.

అంచేత ఎత్తుకోవడం దగ్గరే మొదలుపెడదాం. చెవులు పట్టుకుని ఎత్తకూడదు. ఒక చెయ్యి రొమ్ము కింద, రెండోది పిరుదుల కింద పెట్టి, మీ ఒంటికి ఆనించి పట్టుకోవాలి. చిన్నపిల్లలకైతే అసలు ఎత్తే పనే పెట్టొద్దు. నేలమీద చాప వేసి కూర్చోమనండి. కదలకుండా కూర్చుంటే అదే వచ్చి కాళ్ళు వాసన చూస్తుంది, కాసేపటికి ఒళ్ళోకీ ఎక్కుతుంది.

కొత్తగా తెచ్చినప్పుడు మూడు నాలుగు రోజులు బోనులోనే ఉండనివ్వండి. మీ గొంతు, ఇంటి వాసన అలవాటు పడాలి. చేతిలోంచి కొత్తిమీర రెబ్బ తీసుకుని తింటోందంటే బెదురు తీరినట్టే. అప్పుడు ఒక్క గదిలో, తలుపులు వేసి, పావుగంట వదలండి. రోజురోజుకీ పెంచుకుంటూ పోవచ్చు. బాగా అలవాటయ్యాక రోజూ కొన్ని గంటలు బయట తిరగడం దానికి అవసరమే. బోనులోనే కుక్కి ఉంచితే ఒళ్ళు చేసి రోగాల పాలవుతుంది.

ఆ గదిని ముందు మీరొకసారి నేలమీద కూర్చుని చూడండి. నిలబడి చూస్తే కనబడనివి అప్పుడు కనిపిస్తాయి. కూలరు తీగ, ఫోను ఛార్జరు, టీవీ వెనక చిక్కులన్నీ దాని నోటి ఎత్తులోనే ఉంటాయి. కుందేలు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి కనుక కొరకడం దానికి దురలవాటు కాదు, అవసరం. తీగలు పైకి కట్టేసి, బదులుగా ఎండిన జామ పుల్లలు, దండిగా గడ్డి వేయండి. చీమల మందు, ఎలుకల మందు, కలరా ఉండలు ఆ గదిలో ఉండకూడదు. వంటింట్లోకి అస్సలు రానివ్వకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పొట్టు దానికి విషం. పెరట్లోకి వదిలేవాళ్ళు గన్నేరు, ఉమ్మెత్త ఉన్నాయేమో చూసుకోవాలి. పిల్లి, కుక్క సంగతి సరే, గద్దలను మాత్రం చాలామంది మర్చిపోతారు.

నున్నటి బండలమీద దానికి కాలు నిలవదు, పాదాల కింద మెత్తలు లేవు మరి, వెంట్రుకలే. పాత బొంత పరిస్తే చాలు.

ఇకపోతే మన బొగ్గుబావుల ఊళ్ళకు ప్రత్యేకమైనవి రెండున్నాయి. మొదటిది ఎండ. మన దగ్గర వేసవిలో 45 డిగ్రీలదాకా పోతుంది. కుందేలుకు 30 దాటితేనే కష్టం. దానికి చెమట పట్టదు, ఒంటి వేడి చెవుల గుండానే పోవాలి. కాబట్టి ఆటలు తెల్లవారుజామున, పొద్దుగూకాకే. ఎలాగూ అప్పుడే దానికి హుషారు. నోరు తెరిచి రొప్పుతుంటే, చొంగ కారుస్తుంటే నీడకు చేర్చి, చెవులు తడిగుడ్డతో తుడిచి, వెంటనే డాక్టరుకు చూపించండి. చన్నీళ్ళలో ముంచితే ఆ అదురుకే ప్రాణం పోతుంది.

రెండోది చప్పుడు. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరే ఇళ్ళలో ఆ వేళకు అది బోనులోనే ఉండాలి. గదిలో దూరి దాక్కునేందుకు ఒక అట్టపెట్టె బోర్లించి ద్వారం కోసి పెట్టండి. భయమేస్తే వెనక కాలితో నేలను దబదబా కొడుతుంది. రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకునే మగవాళ్ళకు ఈ చప్పుడు ముందే చెప్పి ఉంచడం మంచిది!

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు ఫోటోల్లో చించిల్లాను చూపించి ఊరిస్తుంటారు. ఆండీస్ కొండల చలిలో పుట్టిన జీవి అది. 25 డిగ్రీలు దాటితేనే దానికి ప్రమాదం. నీళ్ళ స్నానం కూడా పనికిరాదు, సన్నటి దుమ్ములో పొర్లాల్సిందే. మనకొద్దు ఆ ముచ్చట. అలాగే అడవిలో దొరికిన చెవులపిల్లిని ఎవరైనా తెచ్చిస్తే తీసుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా ఆ జీవి బోనులో బెంగతోనే పోతుంది.

ఆట అయ్యాక తరిమి పట్టుకోవద్దు. రోజూ మేత బోనులోనే, అదే వేళకు, డబ్బా మూత టకటకలాడించి పెట్టండి. వారం తిరిగేసరికి ఆ చప్పుడుకే పరుగెత్తుకొస్తుంది. బోనులోకి వెళ్ళాక మేత ముట్టిందో లేదో, పెంటికలు వేసిందో లేదో చూడండి. పూటంతా రెండూ లేకపోతే తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.