రాజపాళయపు కుక్క – మన బాధ్యత

తమిళనాడు విరుదునగర్ జిల్లాలోని రాజపాళయమున శతాబ్దముల క్రిందటనే స్థిరపడిన మన తెలుగు రాజులు తరతరములుగా పెంచి కాపాడిన తెల్లని వేటకుక్కకు ఆ ఊరి పేరే నిలిచినది. 2005లో భారత తపాలా శాఖ నాలుగు దేశీయ శునకజాతులకు తపాలాబిళ్లలు వెలువరించినప్పుడు అందు ఇదియు నొకటి. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగమున దేశవాళీ కుక్కలను పెంచుకొనుడని కోరుచు దీనిని పేర్కొనిరి. ఇవి మనకు సంతోషము కలిగించు విషయములే. కాని పేరు పెరిగినకొలది గిరాకి పెరుగును. గిరాకి పెరిగినచోట అజాగ్రత్తయు ప్రవేశించును.

కొనువారు కోరునది మచ్చలేని తెలుపు, గులాబివన్నె ముక్కు. అమ్మువారిలో కొందరు ఆ రంగు కొరకై దగ్గరి రక్తసంబంధము గల కుక్కలనే మరల మరల జతకట్టించుచున్నారు. రంగునిచ్చు కణములు చర్మమునకే గాక లోపలి చెవికిని అవసరము. అవి అక్కడ లోపించినచో శబ్దమును గ్రహించు కణములు పుట్టిన కొలది వారములకే నశించి, పిల్ల చెవిటిదగును. చెవిటిపిల్ల తోడిపిల్లల వెంటనే పరుగెత్తును గనుక చూపరులకు ఆ లోపము తెలియదు. ఒక చెవి మాత్రమే వినబడని దానిని యజమానియే గుర్తింపలేడు. యంత్రపరీక్ష వలననే అది బయటపడును. అట్టి కుక్క సంతానమునకు ఆ లోపము సంక్రమింపవచ్చును.

మన పెద్దలు ఏ పరీక్షలు చేయించిరని కొంద రడుగవచ్చును. వారి కుక్క వేటకు పోయినది, పొలము కాచినది. పిలుపు వినని కుక్క ఆ పనులలో నిలువజాలదు. పనియే నాటి పరీక్ష. నేడు కుక్క మేడమీది ఇంటిలో కట్టుబడియున్నది; ఆ పరీక్ష పోయినది. దాని స్థానమున మరియొకటి ఉండవలదా?

2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము పిల్లలను పుట్టించి అమ్మువారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు కావలెను. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టింపరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. కాగితము మీది నిబంధనకు ప్రాణము పోయవలసినది కొనువాడే.

కావున పాఠకులకు మా మనవి యిది. వెల అడుగుటకు ముందు తల్లిని చూపుమని అడుగుడు. నమోదుపత్రమును, పశువైద్యుని ధ్రువపత్రమును చూడుడు. పిల్లను వేరుచేసి, వెనుకనుండి చప్పట్లు చరచి చూడుడు. పెంచువారు తోబుట్టువులను జతకట్టింపకుందురు గాక. మచ్చతో పుట్టిన ఆరోగ్యవంతమైన పిల్లను తక్కువచేయకుందురు గాక. చెవిటిపిల్ల పుట్టినచో దాచి అమ్మక, సంగతి చెప్పి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించి, సైగలతో పెంచగల ఇంటికి ఇచ్చుట ధర్మము.

పరభాషా ప్రాంతమున ఇన్ని తరములు ఇంటిభాషను నిలుపుకొన్న మనకు వారసత్వమును కాపాడుట కొత్త కాదు. ఈ మూగజీవి మన ఊరి పేరు మోయుచున్నది. దాని మేలు చూచుట మన విధి.