నీలగిరి కట్టె: అమ్మేటప్పుడు తొందర, కట్టుకునేటప్పుడు ఓపిక

పోయిన నెల పత్రిక అందినంక ఒక చెల్లె ఫోన్ చేసింది. మిల్లు మూతపడ్డంక ఊరికి తిరిగొచ్చిన కుటుంబం వాళ్లది. "అన్నా, మా గట్టు మీద నలభై నీలగిరి చెట్లున్నయి. వ్యాపారి వచ్చి అన్నిటికీ కలిపి ఒక్క ధర చెప్తున్నడు. మాకు ఇల్లు సుత కట్టుకునేది ఉన్నది. దర్వాజలు, వాసాలు ఆ కట్టెతోనే అయితయా?" అని అడిగింది.

చెల్లెకు జవాబు చెప్పే ముందు నా కథ చెప్తా. మిల్లు నుంచి చేతికొచ్చిన పైసలతోని నేను విరూర్‌ల వెనుక అర్ర కట్టిన. టేకు కొనే తాహతు లేదు. బల్లార్షా డిపో టేకు ఎంత పేరున్నదో మీకు ఎరుకే, 2023ల అయోధ్య గుడి తలుపులకు ఇక్కడి టేకే పోయింది. మనకు అంత ఎక్కడిది? తమ్ముని చేన్ల నీలగిరి కొట్టించి, పచ్చిగున్నప్పుడే ఆరా మిషన్ మీద కోయించి, పది రోజుల్ల దర్వాజ నిలబెట్టిన. వడ్లాయన వద్దనే అన్నడు. "బిడ్డ పెండ్లి దగ్గర పడ్డది, కానియ్యి" అని నేనే తొందర పెట్టిన. చంద్రపూర్ ఎండాకాలం సంగతి వేరే చెప్పాల్నా! వైశాఖం వచ్చేసరికి దర్వాజ మెలి తిరిగింది, నిలువునా పర్రె ఇచ్చింది, తలుపు పడుత లేదు. పెండ్లికొచ్చిన చుట్టాల ముందట తలుపుకు తాడు కట్టి పెట్టుకున్నం. తప్పు చెట్టుది కాదు, నాది.

మనం నూలు పనోళ్లం, మనకు ఇది తొందరగా అర్థమైతది. నేత ఖాతాల ఎప్పుడూ తేమ ఉంచెటోళ్లు, యాదికున్నదా? గాలి పొడిగైతే పోగు పటపట తెగేది. పత్తి, కట్టె రెండూ ఒక్క జాతి సరుకే. రెండూ తడి పీల్చుకుంటయి, తడి ఇడుస్తయి. అప్పుడే కొట్టిన నీలగిరి మొద్దు బరువుల సగం దాక నీళ్లే ఉంటయి. ఆ నీళ్లు పోతున్నప్పుడు కట్టె గుంజుకుంటది. అన్ని దిక్కులా ఒక్క తీరుగ గుంజుకోదు. మొద్దు చుట్టు తిరిగే దిక్కు ఎక్కువ, నడుమ నుంచి బయటికి పోయే దిక్కు తక్కువ, పొడుగుల ఇంచుమించు ఏమీ ఉండదు. అందుకే పగులుతది, వంకర పోతది. నీలగిరిల నార సుత మెలి తిరిగి ఉంటది. ఇంకొకటి, ఈ చెట్టు నిలబడ్డప్పుడే లోపల బిగుసుకొని ఉంటది. బయటి పొర గుంజి ఉంటది, లోపలిది నొక్కుకొని ఉంటది. అడ్డంగ కోసినమో లేదో ఆ బిగువు ఇడిసి, కొసలు చుక్క లెక్క పగులుతయి.

అట్లని ఇది పనికిరాని కట్టె అనుకోవద్దు. నీలగిరిల వందల రకాలున్నయి, వీటి సొంత దేశం ఆస్ట్రేలియా. అక్కడి జర్రా అనే ఎర్ర కట్టె ఎండినంక ఒక ఘనమీటరు 820 కిలోలు తూగుతది. మన టేకు 650 చుట్టుపక్కల ఉంటది. ఐరన్‌బార్క్ అనే రకం 1,100 కిలోలు, అంటే నీళ్లల్ల ఏస్తే మునుగుతది. జర్రాకు చెదలు తొందరగా పట్టదు. అందుకే పట్టాల కింద స్లీపర్లకు ఓడల మీద మన దేశానికి సుత తెచ్చేటోళ్లు, లండన్ వీధుల్ల దిమ్మెలు చేసి పరిచేటోళ్లు. పేరు నీలగిరే అయినా మన గట్ల మీదిది ఆ రకం కాదు. మనది గుజ్జు కోసం, బొంగుల కోసం తొందరగా పెరిగే రకం. నాలుగైదేండ్ల చెట్టుల తెల్ల చెక్కే ఎక్కువ, దానికి పురుగు, చెద రెండూ పడుతయి. ఇరవై ఏండ్లు దాటి చేవ పట్టిన దొడ్డు మానైతే గట్టిది, బరువైంది, దూలానికి సుత వస్తది.

ఇంకో ముచ్చట. మనం నేసిన విస్కోస్ బట్ట కట్టె గుజ్జు నుంచి వచ్చిందే. ములుగు దిక్కు మంగపేట మండలం కమలాపురంల రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ నీలగిరి లాంటి కట్టెతోనే నడిచింది, 2014ల ఆగింది. అదే ఏడు కాగజ్‌నగర్ల సిర్పూర్ పేపర్ మిల్లు సుత ఆగి, 2018ల మళ్ల మొదలైంది. మిల్లు ఆగితే లోపలి కార్మికునికే కాదు, గట్టు మీద చెట్టు పెట్టినోనికి సుత దెబ్బే. కొనెటోడు ఒక్కడే మిగిలితే ధర వాడు చెప్పిందే కద.

ఇగ చెల్లె, నీ నలభై చెట్లను రెండు కుప్పలు చేసి చూడు.

సన్న చెట్లు అమ్మేవి. గుత్తకు ఇయ్యకు, తూకానికి ఇయ్యి. కొట్టే ముందు ఫారెస్టు ఆఫీసుల కాయిదం సంగతి అడుగు. కొట్టినంక పొక్క తీసి, ఆలస్యం చెయ్యక కాంటా ఎక్కియ్యాలె. నెల రోజులు ఎండల పడి ఉంటే నీళ్లు పోతయి, నీ పైసలు సుత వాటితోనే పోతయి. వ్యాపారి "రేపు లారీ, ఎల్లుండి లారీ" అని జరిపేది అందుకే. లారీ మాట ఖాయమైనంకనే చెట్టుకు గొడ్డలి పెట్టు. కాంటా చీటీ నీ చేతుల ఉండాలె.

దొడ్డు చెట్లు ఇంటికి ఉంచుకునేవి. వీటికి లెక్క తిరగబడుతది. ఎంత నిదానమైతే అంత మంచిది. వానలు పోయి చలి పడ్డంక కొట్టియ్యి. ఆ రోజే రెండు కొసలకు మైనమో డాంబరో పుయ్యి, నీళ్లు కొసల నుంచి ఒక్కసారి పోకుంట. పచ్చిగున్నప్పుడే పలకలు కోయించు, ఎండినంక రంపానికి లొంగదు. నీడల, నేలకు జానెడు ఎత్తున పేర్చి, పలక పలకకు నడుమ సన్న కట్టెపుల్లలు పెట్టి, మీద రాళ్ల బరువెయ్యి. అంగుళం మందం పలకకు ఏడాది అనుకో. దర్వాజ లాంటి మందం కట్టెకు ఇంకా ఎక్కువ. మొల కొట్టే ముందు బెజ్జం ఎయ్యాలె, లేకుంటే పగులుతది. మన్నుల పాతొద్దు. తెల్ల చెక్క చెక్కేసి, చెదల మందు పూసి వాడు.

అంత ఆగలేనంటే దర్వాజ ఒక్కటి వేరే ఎండిన కట్టెతోని చేయించు. నీలగిరి వాసాలకు, పందిరికి, దడికి పెట్టు. అక్కడ జర వంకర పోయినా ఇల్లు ఆగదు. కొమ్మలు, ముక్కలు పారెయ్యకు. ఆరు నెలలు ఎండితే పొయ్యిల చాన సేపు మండుతయి.

మా వెనుక అర్ర తలుపుకు ఇప్పటికీ కింద రెండేళ్ల సందున్నది. చలికాలం గోనెపట్ట కుక్కుతం. అల్లుడు వచ్చినప్పుడల్ల "మామా, మార్పిద్దాం" అంటడు. ఈసారి చలికి తమ్ముని చేన్ల ఇంకొక మాను కొట్టిస్త. వడ్లాయన ఏడాది ఆగుమంటే ఆగుత, రెండేండ్లన్నా ఆగుత.