యంత్రానికీ తూనిక ఉండాలి

గురుకులంలో మా గురువుగారు నాకు మందుల కంటె ముందు తూనిక నేర్పారు. శార్ఙ్గధర సంహిత తొలి అధ్యాయంలోనే మానపరిభాష ఉన్నది. మాషమంటే మాగధ మానంలో 6 గురివింద గింజలు. మన కాళింగ మానంలో 8. ఏ మానమో ఎరుగక రసౌషధం ఇచ్చువాడు వైద్యుడు కాడనేవారు గురువుగారు.

గత కార్తీకంలో మా చోడవరం ప్రాంతపు చెరకు రైతు ఒకరు భుజం నొప్పితో నా వద్దకు వచ్చారు. అంతకుముందు ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో పది రోజులు అల్ట్రాసౌండ్ చికిత్స చేయించుకున్నారట. "ఆ మిషనులో పస లేదు బాబూ, మీ తైలమే ఇవ్వండి" అన్నారు. ఆ మాటకు నాబోటివాడు సంతోషించవచ్చును. నాకు మాత్రం సందేహం కలిగింది. ఆయనకు అసలు చికిత్స అందినదా? యంత్రాన్ని ఎప్పుడు పరీక్షించారని ఆ కేంద్రానికి కబురు చేశాను. కొన్న నాటి నుండి ఎన్నడూ లేదని జవాబు వచ్చింది.

ఆ యంత్రపు తలలో విద్యుత్తు తగిలితే కంపించే బిళ్ల ఒకటి ఉంటుంది. అది సెకనుకు 10 లక్షల నుండి 30 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని మన చెవికి వినపడదు. తల కిందపడినా, బిళ్ల అతుకు వదిలినా ధ్వని సన్నగిల్లవచ్చు. లేదా ఒకేచోట పోగుపడి లోపలి కణజాలాన్ని బాధించవచ్చు. పైన కనిపించే అంకె మాత్రం మారదు.

దీనిని తూచే మార్గం ఉన్నది. గాలి తొలగించిన నీటిలో, సున్నితమైన త్రాసుకు అమర్చిన పలకపైకి ధ్వనిని పంపుతారు. ధ్వని తోపుడు బరువుగా తేలుతుంది. ఒక వాట్‌కు సుమారు 68 మిల్లీగ్రాములు, అనగా రమారమి అర గురివింద గింజ ఎత్తు! చూపిన అంకెకూ వెలువడిన ధ్వనికీ తేడా 20 శాతం మించరాదని అమెరికా నియమం. మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఇట్టి కొలతలు చేస్తున్నది.

పరీక్షకు ఖర్చవుతుందని కొందరంటారు. పది రోజులు పని మానుకొని వచ్చిన రోగి పోగొట్టుకున్నది ఖర్చు కాదా? అనకాపల్లిలో బెల్లం దిమ్మ తూచే కాటాకు ముద్ర ఉన్నదా అని చూసే మనం, ఒంటిపై పెట్టే యంత్రాన్ని గూర్చి అడగవద్దా?

కనుక పాఠకులకు నా మనవి. చికిత్సకు ముందు, యంత్రాన్ని చివరిసారి ఎప్పుడు తూచారో మర్యాదగా అడగండి. తలపై నీటిచుక్క వేసి, అది చిట్లడం చూపేవారున్నారు. దానివల్ల బిళ్ల కదులుతున్నదని తెలుస్తుందే గాని, ఎంత ధ్వని వస్తున్నదో తెలియదు. చికిత్స నడుమ పోటు గాని మంట గాని తోస్తే ఓర్చుకోక వెంటనే చెప్పండి.

ఆ రాత్రి నా తూనికరాళ్లు తీసి చూసుకున్నాను. ముద్ర గడువు దాటి ఉన్నది. మర్నాడే వేయించుకు వచ్చిన తరువాతనే ఆ రైతుకు మందు తూచి ఇచ్చాను.